సమస్యాపూరణం: మందుఁ దెచ్చి యిచ్చి మారి యయ్యె

నిర్వాహకుడు (విశాఖపట్నం): ఆటవెలది. పై పాదం చివర రావాలి. ‘మారి’ అంటే ప్రాణాలు తీసే మహమ్మారి. మన కాలపువాడొకడు ఇప్పటి సరుకు పట్టుకుని, 1933కు ముందటి, హార్బరు ఇంకా తెరవని విశాఖకు వెళ్లాడనుకోండి. ఏమిచ్చాడు, ఎక్కడ బెడిసింది? ‘అంతా విధి’ అని సర్దేస్తే ఒప్పుకోం.

భీమిలి:
ఉప్పు బెల్లమింత యొక గిన్నెలోఁ గల్పి
నీటి కొలత మఱచి నేటివాఁడు
ఉప్పు మించి బిడ్డ యుసు రూడిపోవఁగా
మందుఁ దెచ్చి యిచ్చి మారి యయ్యె

లాసన్స్‌బే: యతులు కుదిరాయి. ‘నేటివాఁడు’ తర్వాత ‘ఉప్పు’ విసంధి, అంటే సంధి కలవాల్సిన చోట కలపకపోవడం. మూడో పాదం ‘లవణ మెక్కువైన లావు దప్పెను బిడ్డ’ అంటే (లావు అంటే బలం) ఆ చిక్కు పోతుంది, ఉప్పు రెండుసార్లు రాదు.

విషయానికొస్తే, విరేచనాలకు తాగించే ఈ నీళ్లకు లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ గోపురంగా కాక మట్టంగా. నీరు సగమైతే ఉప్పు రెట్టింపైనట్టే. రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల్లోని నీటిని లాగేస్తుంది, ఫిట్స్ వస్తాయి. అక్కడ లీటరు లేదు, సోలలూ తవ్వలూ ఉంటాయి. అందుకే కొలత వాళ్ల చేతిలోనే ఉండాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీరు అని నేర్పారు. కలిపాక రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు.

భీమిలి: సవరణ శిరోధార్యం. అయితే ‘అసలు పట్టుకెళ్లకపోతే గొడవే లేదుగా’ అనేవారికి నా పద్యం ఊతం కాకూడదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లే తాగించి కలరా మరణాలను సుమారు 30 శాతం నుంచి నాలుగు లోపుకు దించారు. తెలిసీ దాచుకోవడం కూడా తప్పే.

పెందుర్తి:
బూజు మందు సగము పుచ్చుకొమ్మని యిచ్చి
క్రిమికి బలముఁ బెంచి కీడు నాటి
మఱుస టేఁటి పుండు మానక చంపఁగా
మందుఁ దెచ్చి యిచ్చి మారి యయ్యె

నిర్వాహకుడు: పెన్సిలిన్‌కు ‘బూజు మందు’ భలే మాట! ‘పుచ్చుకొమ్మని’ దగ్గరే పేచీ. పెన్సిలిన్-జి మింగితే కడుపులోని ఆమ్లం చాలావరకు పాడుచేస్తుంది, సూది వేయాలి. ‘బూజు మందు సగము పొడిచి పొమ్మని పంపి’ అనండి, యతి చెడదు. సగం మోతాదు సంగతి 1945లో నోబెల్ ప్రసంగంలో పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే హెచ్చరించాడు: చాలీచాలని మందుకు లొంగని క్రిములే మిగిలి పెరుగుతాయి. మీరు పుండు అన్నారు కాబట్టి సరిపోయింది; ప్లేగు అని ఉంటే పద్యమే చెల్లదు, దానికి పెన్సిలిన్ పనిచేయదు, స్ట్రెప్టోమైసిన్ కావాలి.

లాసన్స్‌బే: సూది అన్నాక శుభ్రత. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో ప్లేగు టీకా వేస్తే ఒకే సీసాలోది వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో పోయారు. ఆ సీసా కలుషితమైంది. నింద టీకా కనిపెట్టిన హాఫ్కిన్ మీద పడి 1907 దాకా వదల్లేదు. సమస్యాపాదం అచ్చంగా ఆయన కథే, కాకపోతే అబద్ధపు కథ.

యారాడ:
ఒక్క కోట కిచ్చి యొరుల కోటను గూల్చె
వైద్యుఁ డనుచు వచ్చి వంచకుండు
గుండు వెంటఁ బెట్టి కుంపటి రాఁజేసి
మందుఁ దెచ్చి యిచ్చి మారి యయ్యె

నిర్వాహకుడు: తుపాకి మందు! ఈ విరుపు కోసమే చూస్తున్నాను. దీనికి కాలయాత్ర కూడా అక్కర్లేదు: 1757లో బొబ్బిలి మీదికి విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు వచ్చాయి. ఇద్దరి తగవులో ఒకరికే కొత్త సరుకు అందితే ఏమవుతుందో మన జిల్లాలకు చెప్పనక్కర్లేదు. ‘వంచకుండు’ మాత్రం నాకు నచ్చలేదు. తప్పంతా వాడి బుద్ధి మీదికి తోసి మీరు తప్పుకున్నారు. మంచివాడిచ్చినా ఆ కోట కూలేదే.

యారాడ: నిజమే. రెండో పాదం ‘మేలు సేయఁ దలఁచి మేటి యొకఁడు’ అంటే?

నిర్వాహకుడు: ఇప్పుడు గుచ్చుకుంది. కుంపటి అలాగే ఉండనీయండి.