‘ఇంక్రీజ్’ పక్కన ‘ఆఫ్’ రావాలా, ‘ఇన్’ రావాలా?

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ నోటీసును ఇంగ్లీషులో రాసే పని నాకు అప్పగించారు. నెలవారీ మెయింటెనెన్స్ 2000 రూపాయల నుంచి 2500కు పెరుగుతోంది. క్రియగా వాడితే చిక్కు లేదు: ‘ఇంక్రీజ్డ్ బై’ తర్వాత పెరిగిన 500, ‘ఇంక్రీజ్డ్ టు’ తర్వాత మొత్తం 2500. పొరపాటున ‘బై 2500’ అని పడితే బిల్లు 4500 అని అర్థం వస్తుంది. పింఛను మీద బతికే పెద్దవాళ్లు చదివే కాగితం, అలా జరగకూడదు.

నా సందేహమంతా నామవాచకం దగ్గరే. ‘యాన్ ఇంక్రీజ్ ఆఫ్’ తర్వాత 500, ‘ఇన్’ తర్వాత మెయింటెనెన్స్ రావాలని నాకు అనిపిస్తోంది. సరేనా? రెండూ ఒకే వాక్యంలో ఇమడతాయా? 500 బదులు 25 శాతం అన్నా ‘ఆఫ్’ వాడవచ్చా? ఇంగ్లీషు బోధించేవారు ఎవరైనా ఒక ఉదాహరణ వాక్యం రాసి చూపించండి. నోటీసు రేపే అతికించాలి.