ముగింపు ముందే తెలిసిన ప్రేమకథలు ఎందుకు చదువుతాం?

మల్లెపందిరి:
నిన్న మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మా పిన్ని కూతురు ఫోన్‌లో సీరియల్ చదువుతోంది. డబ్బున్న హీరో, మధ్యతరగతి అమ్మాయి, ఏడాది అగ్రిమెంట్ మీద పెళ్లి. "మూడో భాగానికే అంతా తెలిసిపోయిందిగా, మిగతా ఎనభై భాగాలు ఎందుకే?" అన్నాను. "తెలుసు కాబట్టే చదువుతున్నా అక్కా" అంది. ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. ఒకే మూసలో వచ్చే ప్రేమకథల్లో మనల్ని పట్టి ఉంచేది ఏమిటి? అది పాఠకుల బలహీనతా, కథ బలమా?

ఎర్రసిరా:
బలహీనతే అంటాను. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' నవల వచ్చాక ఆ దారిలో ఎంతమంది రాశారో లెక్కలేదు. పొడుగాటి హీరో, పెద్ద కారు, మేడ, అభిమానం గల పేదింటి పిల్ల, ఒక అపార్థం, ఒక జ్వరం, పెళ్లి. ఆవిడ చేతిలో ఆ నవల నాయిక జయంతికి తనదంటూ ఒక మనసుంది. తర్వాత వచ్చిన చాలా నవలల్లో కారు రంగు తప్ప ఏమీ మారలేదు.

నా అసలు బాధ ఇంకొకటి. ఇప్పటి సీరియళ్లలో హీరో చెయ్యి పట్టి లాగుతాడు, అరుస్తాడు, ఆ అమ్మాయి చేత ఉద్యోగం మానిపిస్తాడు. చివరికి అంతా మంచే జరుగుతుందని ముందే తెలుసు కనుక చదివే పిల్లకు భయం వేయదు. అదంతా ప్రేమ ఖాతాలో పడిపోతుంది. ఇద్దరు కూతుళ్ల తండ్రిగా నాకు టెన్షన్ అక్కడే.

అద్దెపుస్తకం:
మాది తెనాలి. నా చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకు పావలా. అమ్మ వంటిల్లు సర్దుకుని రాత్రి పది దాటాక చదివేది. ఒకసారి తెచ్చిన నవలలో చివరి ఫారం ఊడిపోయింది, పదహారు పేజీలు లేవు. అమ్మ పుస్తకం వెనక్కి ఇవ్వలేదు, ఉన్నంత వరకూ చదివేసింది. పొద్దున్నే కుళాయి దగ్గర పక్కింటి అత్తయ్యగారిని పట్టుకుంది. వాళ్లిద్దరికీ పెళ్లయిందా అని అడగలేదు. "అతను వాళ్ల గుమ్మంలోకి వచ్చినప్పుడు ముందు ఎవరు మాట్లాడారు వదినా?" అని అడిగింది. "అతనే. కాసిని మంచినీళ్లిస్తావా అన్నాడు" అన్నారావిడ. కింద బిందె నిండి పొర్లిపోతోంది, ఇద్దరికీ పట్టలేదు.

ముగింపు మా అమ్మకు ఎప్పుడో తెలుసు. ఆమెకు కావలసింది ఆ మంచినీళ్ల మాట. దాన్ని బలహీనత అంటే నేను ఒప్పుకోను.

ఎర్రసిరా:
మంచినీళ్ల మాట నాకూ గుచ్చుకుందండి. కానీ ఆ గొప్ప రాసినవాళ్లది. మూసకు ఎలా కట్టబెడతాం?

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. నా షిఫ్టులో తెల్లారేసరికి ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. టీ తాగే పావుగంటలో నాకు ఎవరూ చచ్చిపోరని తెలిసిన కథే కావాలి. అంతకంటే వివరంగా చెప్పడం రాదు.

మల్లెపందిరి:
ఎర్రసిరా గారూ, భామాకలాపం చూడ్డానికి కూర్చున్నవాళ్లలో కృష్ణుడు చివరికి వస్తాడని తెలియనివాళ్లు ఎవరుంటారు? అయినా సత్యభామ చెలికత్తె మాధవి చేతికి లేఖ ఇచ్చి పంపుతుంటే కూచిపూడి వాళ్ల ఆట రాత్రంతా చూశారు మన పెద్దలు. అలంకార శాస్త్రంలో నాయికలు ఎనిమిది రకాలు. ప్రియుడితో పోట్లాడి పంపేసి, ఆ తర్వాత కుమిలిపోయే ఆవిడ కలహాంతరిత. మీరు చెప్పిన ఆ అపార్థం అధ్యాయం ఆవిడదే. మూస మనకు కొత్త కాదు. ఆ రాత్రి సత్యభామ వేషం కట్టినవాళ్లు ఎలా కుమిలారన్నదే జనం చూసింది.

సశేషం:
నేను ఒక యాప్‌లో సీరియల్స్ రాస్తాను. ఒకసారి మూస తప్పించి చూశాను, చివర్లో ఇద్దర్నీ విడగొట్టేశాను. ఒకావిడ "ఇది ముందే చెప్పి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదు కదా తల్లీ" అని కామెంట్ పెట్టారు. తిట్టి ఉంటే సర్దుకునేదాన్ని, ఆ మాటకు మాత్రం నిద్ర పట్టలేదు. ప్రేమకథ అని పేరు పెట్టి పిలిచినప్పుడు మనం మాట ఇచ్చినట్టే. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం వాళ్లు తమ నిర్వచనంలోనే ఆశ నింపే ముగింపు ఉండాలని రాసుకున్నారు.

కానీ ఎర్రసిరా గారి భయం నిజం. నా మొదటి సీరియల్ పన్నెండో భాగంలో హీరో ఆ అమ్మాయిని చెంపదెబ్బ కొడతాడు. అలా రాస్తే ఎక్కువమంది చదువుతారని తోటివాళ్లు చెబితే రాశాను. గత నెల తీసేశాను. అపార్థం అలాగే ఉంది, ఎడబాటు ఉంది, కలవడం ఉంది. ఆ దెబ్బ లేకపోయినా కథ ఎక్కడా కూలిపోలేదు.

ఎర్రసిరా:
ఇది నేను ఊహించలేదమ్మా. తీసేసిన చోట ఏం రాశావు?

సశేషం:
పెద్దగా ఏమీ లేదండి. అతను బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంటాడు. ఆ అమ్మాయి తలుపు వేయదు, పిలవదు కూడా. వరండా లైటు మాత్రం వేస్తుంది. పన్నెండో భాగం అక్కడే ఆపాను.