రాజ్యాంగం వద్దన్నవాళ్లు సాధించిందేమైనా ఉందా?

ప్రశ్న:
అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుతున్నాను. ఫెడరలిస్ట్ వ్యాసాలు (అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించమని వాదించినవి) రాసినవాళ్లలో ఒకరి పేరు చెప్పమనే ప్రశ్న ఉంది. మాడిసన్, హామిల్టన్, జే అని బట్టీ పట్టేశాను. మరి రాజ్యాంగం వద్దన్నవాళ్లు ఎవరు? వాళ్ల భయం ఏమిటి? చివరికి ఏమైనా సాధించారా?

జవాబు 1:
వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ, జార్జ్ మేసన్ ముఖ్యులు. మేసన్ రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభలో కూర్చుని కూడా సంతకం పెట్టలేదు. హక్కుల పట్టిక లేదన్నది ఆయన మొదటి అభ్యంతరం.

జవాబు 2:
పెద్దల పేర్లతో ఆగిపోకండి. నేను బోస్టన్ దగ్గర హైస్కూల్లో చరిత్ర చెబుతాను. పిల్లలచేత ముందుగా చదివించేది 1788 జనవరి 25న, రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చడానికి కూర్చున్న మాసాచుసెట్స్ రాష్ట్ర సభలో జరిగిన వాదన. సట్టన్ నుంచి వచ్చిన ఏమస్ సింగిల్టరీ లేచి, ఈ లాయర్లు, చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు తియ్యగా మాట్లాడి మనచేత మాత్ర మింగిస్తారు, కాంగ్రెస్‌లో కూర్చున్నాక మనల్నే మింగేస్తారు అన్నాడు. పన్ను వేసే హక్కు మాదేనన్న బ్రిటన్‌తో పోరాడి, అదే హక్కు మళ్లీ దూరాన ఉన్నవాళ్ల చేతిలో పెడతామా అన్నది ఆయన బాధ.

ఆయనకి బదులు చెప్పింది లాయరు కాదు, లేన్స్‌బరో రైతు జొనాథన్ స్మిత్. నాగలి పట్టి బతికేవాణ్ణి అని మొదలుపెట్టాడు. షేస్ తిరుగుబాటు, అంటే అప్పుల్లో మునిగిన మాసాచుసెట్స్ రైతులు ఆయుధాలు పట్టిన గొడవ, అప్పటికి ఇంకా పచ్చి గాయం. ఆ అరాచకాన్ని కళ్లారా చూశాననీ, రాజ్యాంగం చదివితే మందు దొరికినట్టయిందనీ, ఏ లాయరునీ అడగలేదనీ, అసలు మా ఊళ్లో లాయరే లేడనీ అన్నాడు. కష్టపడి దున్ని గోధుమ చల్లిన పొలాన్ని, కంచె ఎలా వెయ్యాలో తేలలేదని బీడు వదిలేస్తారా అని అడిగాడు. ఇద్దరి మాటా నాకు నిజాయితీగానే వినిపిస్తుంది.

ఫిబ్రవరి 6న రాజ్యాంగానికి అనుకూలంగా 187 ఓట్లు, వ్యతిరేకంగా 168 పడ్డాయి. పదిమంది అటు మారితే ఓడిపోయేదే. ముందు ఆమోదించండి, సవరణలు సిఫారసు చేద్దాం అని రాష్ట్ర గవర్నరు జాన్ హాన్‌కాక్ చెప్పబట్టే గట్టెక్కింది. తర్వాత వర్జీనియా, న్యూయార్క్ కూడా అదే దారి పట్టాయి. హక్కుల పట్టిక అక్కర్లేదన్న మాడిసనే 1789 జూన్‌లో సవరణలు ప్రతిపాదించాడు. 1791 డిసెంబరుకి పది అమల్లోకి వచ్చాయి. మీ పరీక్షలో అడిగే బిల్ ఆఫ్ రైట్స్ అదే.

జవాబు 3:
కానీ గురువుగారూ, మాసాచుసెట్స్ సిఫారసు చేసిన సవరణల జాబితాలో కేంద్రం నేరుగా పన్నులు వెయ్యడం మీద కట్టడి కూడా ఉంది కదా? అది రాలేదు.

జవాబు 2:
రాలేదండీ. మాడిసన్ హక్కులు తీసుకుని, కేంద్రం బలం తగ్గించేవి పక్కన పెట్టాడు. సింగిల్టరీ అడిగింది ఆ రెండోదే. అందుకే వాళ్లు గెలిచారని మా క్లాసులో చెప్పను. వాళ్లు పట్టుబట్టకపోతే ఆ పది సవరణలు అంత త్వరగా వచ్చేవి కావని మాత్రం చెబుతాను.