లండన్ – ఎడిన్‌బరా – విండర్మియర్: బ్రిట్‌రైల్ పాస్ తీసుకోవాలా, విడి టికెట్లు చాలా?

కృష్ణాతీరం:

నమస్కారం అండీ. మే చివరి వారంలో యూకే వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ (66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), పిల్లలిద్దరు (9, 4). ఫ్లైట్ మధ్యాహ్నం ఒంటిగంటకి హీత్రూలో దిగుతుంది. అదే సాయంత్రం రైల్లో ఎడిన్‌బరా, అక్కడ మూడు రోజులు. తర్వాత విండర్మియర్ (ఇంగ్లండ్‌లో సరస్సుల ప్రాంతం) రెండు రోజులు, చివర్లో లండన్. అంటే పెద్ద ప్రయాణాలు మూడు.

బ్రిట్‌రైల్ పాస్ (కొన్ని రోజుల పాటు అక్కడి రైళ్లు ఎన్నైనా ఎక్కనిచ్చే టికెట్) తీసుకోమని ట్రావెల్ ఏజెంట్ అంటున్నాడు. నేను వెబ్‌సైట్లో చూస్తే ఒకే రైలుకి మూడు రకాల ధరలు కనిపిస్తున్నాయి, తేడా ఏమిటో అర్థం కాలేదు. ఇక్కడిలా వెయిటింగ్ లిస్టు ఉంటుందా? ఎన్నాళ్ల ముందు బుక్ చెయ్యాలి? రెండు పెద్ద సూట్‌కేసులు ఉంటాయి, వాటి సంగతేంటి?

పట్టాలమీద:

మూడు ప్రయాణాలకి పాస్ దండగండీ. బ్రిట్‌రైల్ పాస్ బయటి దేశాలవాళ్లకే ఇస్తారు, రద్దీ వేళల్లో కూడా చెల్లుతుంది. పొద్దున లేచి వాన పడుతోందో లేదో చూసి ఏ ఊరు వెళ్లాలో తేల్చుకునేవాళ్లకి, రోజూ రైలెక్కేవాళ్లకి అది హాయి. మీకు ఊళ్లు, తేదీలు ముందే ఖాయమయ్యాయి. పైగా పాస్ ఉన్నంత మాత్రాన సీటు రాదు, రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి. లండన్ అండర్‌గ్రౌండ్‌లో (అక్కడి మెట్రోలో) అసలు చెల్లదు.

మీరు ముందు కొనాల్సింది ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్. 35 పౌండ్లు, ఏడాది చెల్లుతుంది, విదేశీయులూ కొనుక్కోవచ్చు. ఒక్క కార్డు మీద నలుగురు పెద్దలకి మూడో వంతు, 5–15 ఏళ్ల పిల్లలు నలుగురికి 60 శాతం తగ్గుతుంది. షరతు ఏమిటంటే కార్డు మీద పేరున్నవాళ్లలో ఒకరు, టికెట్ కొన్న పిల్లో పిల్లాడో ఒకరు ఆ ప్రయాణంలో ఉండాలి. మీ తొమ్మిదేళ్ల బిడ్డతో ఆ షరతు తీరిపోతుంది, అమ్మగారికి సీనియర్ కార్డు విడిగా అక్కర్లేదు.

లెక్క చూడండి. పెద్దవాళ్ల టికెట్ 60 పౌండ్లనుకుందాం. ముగ్గురికి 180, పిల్లల టికెట్ సగం కాబట్టి 30, మొత్తం 210. కార్డుతో పెద్దలకి 120, బిడ్డకి 12, మొత్తం 132. ఒక్క ప్రయాణంలోనే 78 మిగిలింది, కార్డు ఖర్చు పోగా 43. బుక్ చేసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది: రైల్‌కార్డ్ సంఖ్య దగ్గర ముగ్గురు పెద్దలు కదా అని 3 పెడతారు. అక్కడ 1 పెట్టాలి. రైల్లో టికెట్‌తో పాటు కార్డు కూడా చూపించాలి, లేకపోతే ఆ తగ్గింపు టికెట్ చెల్లదు.

నాలుగేళ్ల బిడ్డకి టికెట్ అవసరం లేదు. కానీ సీటు కూడా ఉండదు. ఎడిన్‌బరాకి సుమారు నాలుగున్నర గంటలు, అంతసేపు ఒళ్లో అంటే కష్టం. పై లెక్క ప్రకారం మరో 12 పౌండ్లు పెట్టి పిల్లల టికెట్ తీసుకుంటే తన సీటు తనకుంటుంది.

ఇక మూడు ధరల సంగతి. అడ్వాన్స్ టికెట్ అంటే ఆ రోజు, ఆ టైముకి, ఆ ఒక్క రైలుకే. దాని ముందు రైలెక్కినా, తర్వాతదెక్కినా చెల్లదు. దారిలో దిగి మళ్లీ ఎక్కడానికీ ఒప్పుకోరు. మనంతట మనం మానుకుంటే డబ్బు తిరిగి రాదు, రైలు బయల్దేరకముందు అయితే రుసుము, ధరలో తేడా కట్టి మార్చుకోవచ్చు. ఎనీటైమ్ అంటే ఏ రైలైనా ఎక్కొచ్చు, ధర మాత్రం గుండె ఝల్లుమనేలా ఉంటుంది. మిగతా చాలా రూట్లలో ఈ రెంటికీ మధ్య ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళల టికెట్) ఉంటుంది. లండన్–ఎడిన్‌బరా మధ్య ఎల్‌ఎన్‌ఈఆర్ (ఆ రూటులో రైళ్లు నడిపే కంపెనీ) వాళ్లు 2024 ఫిబ్రవరిలో దాన్ని తీసేసి 70 మినిట్ ఫ్లెక్స్ పెట్టారు: మీరు బుక్ చేసిన రైలుకి 70 నిమిషాలు ముందు గానీ వెనక గానీ నడిచే ఎల్‌ఎన్‌ఈఆర్ రైలు దేనిలోనైనా వెళ్లొచ్చు. పాత బ్లాగుల్లో ఈ రూటుకి ఆఫ్‌పీక్ అని చదివి వెతికితే దొరకనిది అందుకే.

వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటివి లేవు. టికెట్ ఉంటే ప్రయాణమే, సీటు లేకపోతే నిలబడి వెళ్లాలి. అడ్వాన్స్ టికెట్‌తో దూరపు రైళ్లలో సీటు నంబరు కూడా వస్తుంది. ఐఆర్‌సీటీసీలోలా 60 రోజులని ఖాయంగా చెప్పలేం, మామూలుగా 8 నుంచి 12 వారాల ముందు తెరుస్తారు. మే మధ్యలో వేసవి టైంటేబుల్ మారుతుంది కాబట్టి మీ తేదీలకి కాస్త ఆలస్యం కావచ్చు. రైలు కంపెనీల సొంత సైట్లలో బుకింగ్ ఫీజు ఉండదు. ఎల్‌ఎన్‌ఈఆర్ సైట్లోనే వేరే కంపెనీల టికెట్లు కూడా అదే ధరకి కొనొచ్చు.

లీడ్స్_తెలుగు:

పైన చెప్పినవన్నీ సరే గానీ, దిగిన రోజే ఎడిన్‌బరా అన్నదాన్ని మార్చుకోమని గట్టిగా చెప్తాను. ఒంటిగంటకి దిగితే ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యేసరికి మూడు అనుకోండి. మెట్రోలో పికడిల్లీ లైన్ మారకుండా నేరుగా ఎడిన్‌బరా రైళ్లు బయల్దేరే కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి తెస్తుంది గానీ అదొక గంట. ఫ్లైట్ రెండు గంటలు లేటైతే మీ అడ్వాన్స్ టికెట్లన్నీ పోయినట్టే. రైలు లేటై ఇంకో రైలు తప్పితే వాళ్ల బాధ్యత, విమానం లేటైతే కాదు. అప్పటికప్పుడు అయిదుగురికి కౌంటర్లో కొనడం అంటే ట్రిప్పు బడ్జెట్ అక్కడే తల్లకిందులవుతుంది.

లండన్‌ని చివరి నుంచి మొదటికి తెచ్చుకోండి. రెండు రాత్రులుండి, మూడో రోజు పొద్దున పది ప్రాంతంలో రైలు పట్టుకోండి. పగటి ప్రయాణం అయితే కుడివైపు కిటికీ సీట్లు అడగండి. డరమ్ దగ్గర కెథడ్రల్, బెర్విక్ దాటాక పట్టాల పక్కనే కొండ అంచు, కింద సముద్రం, అన్నీ అటువైపే.

ఇంకోటి, మే చివరి సోమవారం అక్కడ బ్యాంక్ హాలిడే. ఆ వారం చాలా స్కూళ్లకి సెలవు. ఆ శని, ఆది, సోమవారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుంటారు, కొంత దూరం రైలు బదులు బస్సు ఎక్కించే అవకాశం ఉంటుంది. సామాన్లతో, పెద్దావిడతో అది నరకం. ప్రయాణాలు మంగళ, బుధ, గురువారాల్లో పడేలా చూసుకోండి.

కృష్ణాతీరం:

లండన్ ముందుకి జరిపేస్తాం, చాలా థాంక్స్. పేమెంట్ మన కార్డులతో అవుతుందా? స్టేషన్లో అమ్మ నడక, సామాన్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

గౌతమి_రీడింగ్:

వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ అయితే అవుతుంది. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం మీరే ఆన్ చేసుకోవాలి. 2020లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం వల్ల కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. అదే పేజీలో కాంటాక్ట్‌లెస్ కూడా ఆన్ చెయ్యండి, లండన్ మెట్రో స్టేషన్ల గేట్ల దగ్గర అది కావాలి. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి పెద్ద టికెట్లన్నీ బయల్దేరకముందే కొనేయండి.

లండన్లో ట్యాప్ చేసేటప్పుడు మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. ఎక్కేటప్పుడు ఫోన్‌తో ట్యాప్ చేసి దిగేటప్పుడు అసలు కార్డుతో చేస్తే, కార్డు ఒకటే అయినా, సిస్టమ్‌కి అవి రెండు వేర్వేరు ప్రయాణాలు. రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. అండర్‌గ్రౌండ్‌లో 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దలతో ఉచితం, వెడల్పాటి గేటు దగ్గర సిబ్బందికి చెప్తే పంపిస్తారు.

అమ్మగారికి ప్యాసింజర్ అసిస్ట్ బుక్ చెయ్యండి. పైసా ఖర్చు లేదు, డాక్టర్ కాగితాలు అడగరు. ప్రయాణానికి రెండు గంటల ముందు వరకూ బుక్ చేయొచ్చు, ముందురోజే చెప్తే మేలు. వీల్‌చైర్‌తో వచ్చి రైల్లో సీటు దాకా తీసుకెళ్తారు, అవతల స్టేషన్లోనూ మనిషి ఉంటాడు.

కూలీలు ఉండరు. మనిషికి రెండు పెద్దవి, ఒక చేతి సంచి అని నియమం, పెద్దది 30×70×90 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు ఎవరూ తూచరు, కానీ ఎత్తాల్సింది మీరే. పెద్ద సూట్‌కేసులు బోగీ చివర ర్యాకుల్లో పెట్టాలి, అవి చప్పున నిండిపోతాయి. పైన అరలో క్యాబిన్ బ్యాగు పడుతుంది అంతే.

కింగ్స్ క్రాస్ బోర్డు మీద ప్లాట్‌ఫాం నంబరు చాలాసార్లు బయల్దేరే ముందు పది, పదిహేను నిమిషాలకి గానీ రాదు. బోర్డు మీద పైన రాసేది చివరి స్టేషన్ పేరు. మీ రైలు అబర్దీన్ వెళ్లేదైతే ఎడిన్‌బరా అని పెద్దక్షరాల్లో కనపడదు. టికెట్ మీది టైమునే వెతకండి. రెండు నిమిషాల ముందే తలుపులు మూసేయొచ్చు, అయిదుగురూ అప్పటికే లోపలుండాలి. సీటు పైన చిన్న దీపం ఉంటుంది: ఎర్రగా ఉంటే రిజర్వ్ అయింది, ఆకుపచ్చగా ఉంటే ఖాళీ, పసుపైతే దారిలో ఎక్కడి నుంచో ఎవరికో ఉంది.

పట్టాలమీద:

గౌతమి గారు చెప్పిన బోర్డు విషయం ఎడిన్‌బరా నుంచి విండర్మియర్ వెళ్లేటప్పుడు ఇంకా ముఖ్యం. నేరుగా రైలు లేదు, ఆక్సెన్‌హోమ్‌లో మారాలి. ఎక్కే రైలు మీద లండన్ యూస్టన్ అనో, మాంచెస్టర్ ఎయిర్‌పోర్ట్ అనో ఉంటుంది. సుమారు రెండు గంటల తర్వాత ఆక్సెన్‌హోమ్, అక్కడి నుంచి చిన్న బండిలో ఇరవై నిమిషాలు. ఆ చిన్న లైను ఒంటి పట్టా, ఒకటి తప్పితే ఇంచుమించు గంట ఆగాలి.

అందుకని ఎడిన్‌బరా–విండర్మియర్ అని ఒకే బుకింగ్‌గా తీసుకోండి. సైట్ చూపించిన కనెక్షన్‌లో మొదటి రైలు లేటై రెండోది తప్పితే, టికెట్ అడ్వాన్స్ అయినా తర్వాతి బండిలో వెళ్లొచ్చు, కొత్తగా డబ్బు కట్టక్కర్లేదు. గమ్యం చేరడం కంపెనీని బట్టి 15 లేదా 30 నిమిషాలు దాటి ఆలస్యమైతే డిలే రిపే కింద పరిహారం అడగండి. 28 రోజుల గడువు ఉంది, ఇంటికొచ్చాక కూడా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఈ-టికెట్ పీడీఎఫ్‌లు తుడిచెయ్యకుండా ఉంచండి, క్లెయిమ్‌కి అవే ఆధారం. ఆ రైలు పూర్తిగా రద్దయి మీరు ప్రయాణం మానుకుంటే అడ్వాన్స్ టికెట్‌కి కూడా మొత్తం డబ్బు వెనక్కి ఇస్తారు. కొన్నది ఏ సైట్లోనో అక్కడే అడగాలి.