బైరన్ సముద్రం చివరి మాట: ‘లై’యా, ‘లే’యా?

కాగితప్పడవ: ఇంగ్లీషు కవి బైరన్ రాసిన ‘ఛైల్డ్ హెరాల్డ్’ కావ్యం నాలుగో సర్గలో సముద్రాన్ని పిలిచే పద్యాలున్నాయి కదా. అల మనిషిని ఎత్తి నేలకేసి కొట్టే పద్యం చివర ‘దేర్ లెట్ హిమ్...’ దగ్గర ఆగిపోయాను. నోటికి ‘లే’ (lay) వస్తోంది, వ్యాకరణం ‘లై’ (lie) అంటోంది. పిల్లల పద్యపఠనానికి అచ్చు వేయాలి. ఏది వేయమంటారు?

నిశితం: ‘లే’యే. 180వ పద్యం, 1818 నాటిది. ఆ ఒక్క అక్షరానికి బైరన్ తిన్న అక్షింతలు అన్నీ ఇన్నీ కావు.

గోదారిగట్టు: అక్షింతలు న్యాయమేనండీ. తాను పడి ఉంటే లై, లే, లెయిన్. ఇంకోదాన్ని పెడితే లే, లెయిడ్, లెయిడ్. ‘దేన్ని?’ అని అడిగితే జవాబు రావాలి, రాకపోతే అది లై. మన దిగు–దించు, మునుగు–ముంచు తేడాయే. ‘ఫైల్ ఈజ్ లేయింగ్ ఆన్ ది టేబుల్’ అని రాసేవాళ్లు దిగాల్సిన చోట దించుతున్నారు.

పాతపలక: ‘లై’కి భూతకాల రూపం కూడా ‘లే’యే కదా. బైరన్‌ది అదేమో?

నిశితం: కుదరదు. లెట్ తర్వాత ధాతువే రావాలి, ‘లెట్ హిమ్ వెంట్’ అనం. కర్మ పైకి కనపడని లే ఒకటుంది, ‘ది హెన్ ఈజ్ లేయింగ్’. అక్కడ గుడ్డు అధ్యాహారం. బైరన్ మనిషి గుడ్లు పెట్టడు.

పాతపలక: ఓడ భాష సంగతేంటి మరి? ‘లే అలాఫ్ట్’, ‘లే ఆఫ్ట్’ అనే ఆజ్ఞల్లో కర్మ లేదు. సముద్రం మీది పద్యంలో ఓడవాళ్ల మాట పడితే వింతేముంది?

గోదారిగట్టు: ఆ లేకి ‘అటు కదులు’ అని అర్థం. పైకెక్కు, వెనక్కి నడు. ఇక్కడ మనిషి కదిలే స్థితిలో ఉన్నాడా?

నిశితం: ఓడ దాకా ఎందుకు? స్పెన్సర్ ఛందస్సు, తొమ్మిది పాదాలు. ఆరు, ఎనిమిది, తొమ్మిది పాదాల అంత్యప్రాసలు స్ప్రే, బే, లే. మధ్యలో ఏడో పాదం ‘లైజ్’ అనే సరైన రూపంతోనే ముగుస్తుంది. అక్కడ తెలిసినవాడికి రెండు పాదాల తర్వాత తెలియకుండా పోయిందా? ప్రాస లాగింది, అంతే.

శార్దూలం: లాగితే తప్పేముంది? పోతన ‘లావొక్కింతయు’ తీసుకోండి. రెండో పాదం ‘ఠావుల్ దప్పెను’. తావుల్ అన్నా ప్రాసలో వకారం చెడదు. చెడేది యతి. పదమూడో అక్షరం ‘డస్సెన్’లోని డ. దానితో ఠ కలుస్తుంది, త కలవదు. పైగా ఏనుగు ప్రాణాలు పట్టు తప్పడం ఆ ఠాలో వినపడుతుంది. తావులో ఏదీ ఆ దెబ్బ?

గోదారిగట్టు: పోతన జోలికి రాను గానీ, ఠావు యతి కోసం పుట్టిన మాట కాదు. నిఘంటువులో ఉన్నదే. ఉన్న రెండింట్లో ఒకటి ఏరుకున్నాడు. బైరన్ లేని అర్థాన్ని అంటగట్టాడు.

శార్దూలం: లేని అర్థం ఎలా అవుతుంది? పడి ఉండటమనే అర్థంలో ‘లే’ మధ్యయుగం నుంచీ ఇంగ్లీషువాళ్ల నోళ్లలో ఉంది. తప్పని తేల్చింది తర్వాతి వ్యాకర్తలు. ఆయనా ఉన్న రెండింట్లోనే ఏరుకున్నాడు.

పాతపలక: సరే, ఏరుకున్నాడు. ప్రాస లాగిందంటే మాత్రం ఒప్పుకోను. ‘స్టే’ ఉంది కదా చేతిలో! అదే ప్రాస, ఒక్క అక్షరమే, కర్మ అక్కర్లేదు, వ్యాకరణం నిక్షేపం. ‘లే’ కావాలనే వేశాడు.

నిశితం: ‘డాషెస్ట్’ అని విసిరికొట్టాక పడి ఉండాలి గానీ, ఉండిపోవడమేమిటి? స్టే అంటే వాడేదో ఇష్టపడి ఆగినట్టుంటుంది.

గోదారిగట్టు: కాగితప్పడవ గారూ, మూలంలో ఉన్నట్టు ‘లే’ అనే వేయండి, దిద్దితే ప్రాస పోతుంది. కింద చిన్న అక్షరాల్లో ‘మామూలు రాతలో లెట్ హిమ్ లై’ అని ఒక ముక్క. ‘నౌ ఐ లే మీ డౌన్’ ప్రార్థన వచ్చిన పిల్లలు తప్పక అడుగుతారు. అందులో ‘మీ’ కర్మ, కాబట్టి ఆ ‘లే’ సరైనదే.

పాతపలక: స్టేలో ఇష్టం ఎక్కడుందండీ నిశితం గారూ? కుక్కని ‘స్టే’ అన్నప్పుడు దాని ఇష్టం అడుగుతామా?