ఏసీఈ2 ఎక్కువుంటే కరోనా ముప్పు కూడా ఎక్కువేనా?

ఒక సందేహం తేలడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. కరోనా వైరస్ తన స్పైక్ ప్రోటీన్‌తో మన కణాల మీదున్న ఏసీఈ2 గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి వెళ్తుంది కదా. 2003 నాటి సార్స్ వైరస్‌కూ అదే తలుపు. కాబట్టి ఏసీఈ2 ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ అనుకున్నాను.

కానీ అదే ఏసీఈ2 రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్2ను విడగొట్టి ఊపిరితిత్తులను కాపాడుతుందనీ, వైరస్ సోకాక అది తగ్గిపోతే చేటనీ ఇంకోచోట చదివాను. ఇక్కడే బుర్ర తిరిగింది! మరి ఎక్కువుండటం మంచిదా, చెడ్డదా? వైరస్ సోకడానికి ఒక లెక్క, జబ్బు ముదరడానికి ఇంకో లెక్కా? స్పైక్‌ను కత్తిరించే టీఎంపీఆర్ఎస్ఎస్2 ఎంజైమ్ పాత్ర ఎంత?

నాన్నగారు బీపీకి టెల్మిసార్టన్ వాడతారు. అది యాంజియోటెన్సిన్2 పనిని అడ్డుకునే మందు కాబట్టే ఈ సందేహం. డాక్టర్ ఆపొద్దన్నారు, ఆపలేదు కూడా. కారణం తెలుసుకుందామనే అడుగుతున్నాను.