విషం లేని విబ్రియోను వదిలి, విషమున్న విబ్రియోను చెరువులో చంపించవచ్చా?

ఇందుకూరుపేట వనామి రైతు:
మందులు అమ్మే ఒక ప్రతినిధి మొన్న మా రొయ్యల చెరువు గట్టు మీదికి వచ్చి, తాను తెచ్చిన సీసాలో విషం లేని విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా ఉందని, ఒకే జాతి బ్యాక్టీరియా ఒకదాన్నొకటి చంపుకుంటాయి కాబట్టి అది ఈఎంఎస్ (రొయ్య పిల్లలు తొందరగా చనిపోయే జబ్బు) తెచ్చే రకాన్ని తుడిచిపెడుతుందని చెప్పారు. నేను సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి 18 రోజులైంది. ఈఎంఎస్ 35 రోజుల లోపే కొడుతుందంటారు. ఈ మాట నమ్మవచ్చా?

ఒంగోలు నీటి ల్యాబ్ టెక్నీషియన్:
అన్నగారూ, ఆ మాటకు ఆధారం లేకపోలేదు. టైప్ సిక్స్ స్రావ వ్యవస్థ అనే ఆయుధాన్ని 2006లో కలరా విబ్రియోలో గుర్తించారు. కణం లోపల బిగించి ఉన్న తొడుగు 5 మిల్లీసెకన్లు కూడా పట్టకుండా కుంచించుకుపోయి, లోపలి గొట్టాన్నీ దాని కొనన ఉన్న విషాన్నీ పక్క కణంలోకి దించుతుంది. సొంత వంశపు కణాలకు విరుగుడు ప్రొటీన్ ఉంటుంది కాబట్టి వాటికేమీ కాదు. జాతి ఒకటే అయినా ఆ విరుగుడు లేని స్ట్రెయిన్ (ఉపరకం) చస్తుంది. రొయ్య పేగులో కణాలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. యాంటీబయాటిక్ పోయడం కంటే ఇది మేలని నా అభిప్రాయం.

నెల్లూరు సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు:
ఆయుధం గురించి మీరు చెప్పింది నిజమే, కానీ అది ఎప్పుడు పేలుతుందన్నది వదిలేశారు. పారాహీమోలిటికస్‌లో ఇలాంటి వ్యవస్థలు రెండున్నాయి. వాటిలో బ్యాక్టీరియాను చంపే మొదటిది దాదాపు 3 శాతం ఉప్పు, 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, అదీ కణం ఏదైనా ఉపరితలానికి అంటుకున్నప్పుడు బాగా పనిచేస్తుంది. కాబట్టి బోరు నీటితో ఉప్పు తగ్గించిన చెరువులో, నీళ్లలో విడివిడిగా తేలే కణాల మధ్య, సీసాలోని బ్యాక్టీరియా ఏం చేయగలదో ఆలోచించండి. పైగా ఈఎంఎస్ స్ట్రెయిన్ చేతులు కట్టుకుని కూర్చోదు. దానికీ అదే ఆయుధం ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. రొయ్య జీర్ణగ్రంథిని పాడుచేసే పిర్‌ఏ, పిర్‌బీ విషాల జన్యువులు ఆ బ్యాక్టీరియా క్రోమోజోములో లేవు, దాదాపు 70 వేల బేస్ జతల ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయం మీద ఉన్నాయి. హార్వేయీ, క్యాంప్‌బెలై, ఓవెన్సీ వంటి వేరే విబ్రియోలలోనూ అవే జన్యువులు దొరికాయంటే అవి ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి గడప దాటగలవని అర్థం. కలరా విబ్రియో విషయంలో 2015లో తెలిసిందేమిటంటే, కైటిన్ మీద పెరిగేటప్పుడు అది పక్క కణాన్ని ఈ ఆయుధంతోనే పగలగొట్టి, బయటపడ్డ డీఎన్‌ఏను తనలోకి తీసుకుంటుంది. రొయ్య విడిచే పెంకు కైటినే కదా! పారాహీమోలిటికస్ మన చెరువులో ఇలాగే చేస్తుందని నేను అనను గానీ, శత్రువును చంపడానికి వదిలిన కణమే శత్రువు జన్యువును పుచ్చుకునే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని కోట్ల సంఖ్యలో చెరువులోకి పోయడానికి నా మనసు ఒప్పదు.

ఒంగోలు నీటి ల్యాబ్ టెక్నీషియన్:
మేడమ్, ప్లాస్మిడ్ మాట ఒప్పుకుంటున్నాను. అయినా ప్లాస్మిడ్‌ను స్వీకరించని స్ట్రెయిన్‌ను ఎంచి, ఉప్పు కొలిచి వాడితే ఫలితం రావచ్చన్న నా మాట వదులుకోను. తొట్టెల్లో పరీక్షించకుండా అమ్మడమే తప్పు. అన్నగారూ, మీకు ఒకటి చెప్పాలి. మేము టీసీబీఎస్ ప్లేటు (విబ్రియోలను పెంచి చూసే ప్లేటు) మీద చూసేటప్పుడు విషమున్న పారాహీమోలిటికస్, విషం లేని పారాహీమోలిటికస్ రెండూ ఆకుపచ్చ కాలనీలుగానే కనిపిస్తాయి. సీసా పోశాక ఆ పచ్చ కాలనీల్లో ఏది గెలిచిందో ప్లేటు చెప్పదు, పిర్ జన్యువులకు పీసీఆర్ (జన్యువు ఉందో లేదో తేల్చే పరీక్ష) చేస్తేనే తెలుస్తుంది.

ఇందుకూరుపేట వనామి రైతు:
అయితే సీసా పక్కన పెడుతున్నాను. రేపు తెల్లవారుజామున చెక్ ట్రేలో చేరిన రొయ్యల్లో పేగు ఖాళీగా, జీర్ణగ్రంథి పాలిపోయి ఉన్నవి ఏమైనా కనిపిస్తే, వాటిని వేరుగా తీసి పీసీఆర్‌కు ఒంగోలు పంపుతాను. సీసాలోనిది కూడా కొంచెం పంపుతాను, అందులో ఆ జన్యువులు లేవని ముందు తేలాలి.